అడుగున ఉన్న అతుకు

నోటు పుస్తకం పట్టుకుని వచ్చే మనిషిని శివరాం నమ్మడు. అందుకు కారణం లేకపోలేదు. రెండేళ్ల కిందట ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చి, బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పని చేసుకునే వాళ్లందరి పేర్లూ నవ్వుతూ రాసుకుని, వాళ్లు ఇచ్చిన చాయ్ తాగి మరీ వెళ్లాడు. నాలుగో రోజున మున్సిపాలిటీ జప్తు బండి వచ్చింది. చెప్పులు కుట్టేవాడి పెట్టె, తాళాలవాడి బల్ల, శివరాం రేకు కత్తెర, టంకం సామాను అన్నీ ఎత్తుకుపోయింది. మళ్లీ పనిముట్లు సమకూర్చుకునేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది.

అందుకే ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఒక పొద్దున, గుడ్డసంచీ భుజాన వేసుకుని, నోటు పుస్తకం చేతబట్టుకుని ఒక అమ్మాయి తన ముందు గొంతుక్కూర్చుంటే శివరాం కర్రు, కత్తెర తన వైపు లాక్కున్నాడు.

"స్టవ్వు తెచ్చినవా బాయీ?" అన్నాడు తలెత్తకుండా.

"లేదు కాకా. స్టవ్వులు చూడనీకె వచ్చిన."

"సూడనీకె ఇదేమన్న సినిమానా?"

ఆ అమ్మాయి నవ్వింది. పేరు మంగళ అంది. తెలుగు మాట్లాడుతోంది గానీ అది మరాఠీ బడిలో చదివిన పిల్ల తెలుగు. వాళ్ల నాయనమ్మ పెంటమ్మ కామాఠిపురా పదకొండో గల్లీలో ఉండేదట. తండ్రికి ఉద్యోగం వచ్చాక కళ్యాణ్ వెళ్లిపోయారట. శివరాం మనసులో లెక్క చూసుకున్నాడు. పదకొండో గల్లీలో అతనికి తెలిసిన పెంటమ్మలే నలుగురు. ఎవరైనా చెప్పగలిగిన మాట అది.

"ఇంట్ల వాడే సామాను ఎట్లుండాలె, ఎట్ల చేయాలె, గదే నా చదువు కాకా. ఈ ఏడు స్టవ్వు తీసుకున్న. మీ దగ్గర రోజూ రెండు గంటలు కూర్చుంట. మీ పనికి అడ్డం రాను."

కూర్చోవద్దని చెప్పడానికి ఫుట్‌పాత్ తన తాతది కాదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ భార్య మల్లవ్వ విషయం విని చేతిలో గరిటె ఆపేసింది. "పొయ్యికి సదువేంది? గది కంపెనీ మనిషే. నీ నోట్లకెల్లి గుట్టు గుంజి, ఆఖరికి నీ పొట్ట మీదనే కొడ్తది. సూస్తుండు."

శివరాం తాత రాళ్లు మోయడానికి పాలమూరు నుంచి కాలినడకన బొంబాయి వచ్చినవాడు. తండ్రి తాపీ పట్టాడు. శివరాం ఒక్కడే ఆ ఇంట్లో రేకు పనికి మళ్లాడు. ఇరవై రెండేళ్లుగా వత్తుల స్టవ్వులు, పంపు స్టవ్వులు బాగుచేస్తున్నాడు. ఈ గల్లీల్లో ఏ ఇంట్లో ఏ స్టవ్వు ఉందో, అది ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి వేళ్ల మీద తెలుసు.

అతనికి తెలిసిన వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. వత్తుల స్టవ్వును చంపేది దాని టాంకీ. రేషన్ ఘాస్లేట్‌లో, అంటే కిరోసిన్‌లో, ఎంతో కొంత నీళ్లు కలిసే ఉంటాయి. నీళ్లు బరువు కనుక అడుక్కి దిగుతాయి. టాంకీ అడుగున రేకు రేకును కలిపే అతుకు ఉంటుంది. ఆ అతుకు దగ్గర నీళ్లు నెలల తరబడి నిలిచి లోపల్నించి తినేస్తాయి. పైకి ఏమీ కనబడదు. చెమ్మ కనబడేనాటికి చిల్లు పడినట్టే. అతని దగ్గరికి వచ్చే మూడు స్టవ్వుల్లో రెండు అలాంటివే. మాటేస్తే ఆరు నెలలు నడుస్తుంది. మళ్లీ తెస్తారు. మూడోసారి మాటు నిలవదు. అప్పుడు ఒక్క చిల్లు కోసం మొత్తం స్టవ్వు తుక్కు కొనే భంగార్ దుకాణానికి పోతుంది.

మూడో వారంలో మంగళ ఆ ప్రశ్నే అడిగింది. "అన్నిట్ల ఎక్కువ ఏది చెడతది కాకా?"

శివరాం టంకం కర్రును బొగ్గుల్లో తిప్పాడు. టాంకీ అని చెప్తే? కంపెనీ వాళ్లు చెడని టాంకీ చేస్తారు. తన ముందు మూడింట ఒక్క స్టవ్వే మిగులుతుంది. మల్లవ్వ మాట చెవిలో గింగురుమంది.

"వత్తులు ఎత్తే మీట," అన్నాడు. "గదే ఇరుగుతది. ఎప్పుడు జూడు గదే."

"టాంకీ?"

"టాంకీకేమైతది? జన్మంల చెడదు."

మంగళ రాసుకుంటూ ఆగింది. "మరి టంకం కర్రు ఎప్పుడూ నిప్పుల్లనే ఉంటది కద కాకా?"

"అది బకెట్లకు," అన్నాడు శివరాం తడుముకోకుండా.

ఆమె అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తల ఊపి, రాసుకుంది. ఆ పూట నుంచి ఆమె ఉన్నంతసేపూ టాంకీల పని ముట్టలేదతను. కారుతున్న స్టవ్వులు గోనెసంచి కింద దాచి, ఆమె వెళ్లాక తీసేవాడు. ఆమె మాత్రం అతన్ని వదల్లేదు. ఇళ్లల్లోకి వెళ్లింది. గిన్నెల వెడల్పు కొలిచింది. వత్తులు ఎంత ఎత్తుంటే గిన్నెకు మసి పడుతుందో, ఎంత ఎత్తుంటే తక్కువ నూనెతో అన్నం ఉడుకుతుందో గడియారం పెట్టుకుని చూసింది. శివరాం ఉండే చాల్‌లో, వరస గదుల ఆ పాత మేడలో, రకరకాల మాటలు పుట్టాయి. ఇంటి యజమాని గదులు ఖాళీ చేయించడానికి మనుషుల్ని లెక్కపెట్టిస్తున్నాడని ఒకరు, రేషన్ కార్డులు రద్దు చేస్తారని ఒకరు. అన్నిటికీ శివరాం ఊఁ కొట్టాడు. పదిమందికీ అనుమానం ఉంటే తన అబద్ధం అంత బరువుగా అనిపించలేదు.

ఏప్రిల్ ఆఖరున మంగళ ఆరు కొత్త స్టవ్వులు తెచ్చింది. కుర్లా దాటాక ఉన్న ఒక కంపెనీ ఆమె గీసిన బొమ్మ చూసి చేసి ఇచ్చిందట. ఆరిళ్లల్లో ఊరికే ఇచ్చి, ఎలా నడుస్తాయో చూస్తుందట. మొదటిది తెచ్చి శివరాం చేతికే ఇచ్చింది.

బాగుంది, కాదనడానికి లేదు. వత్తులు గిన్నెకు దగ్గరగా ఉన్నాయి. మీట వేలెడు మందం ఇనుము, ఏనుగు తొక్కినా విరగదు. శివరాం దాన్ని బోర్లించాడు. టాంకీ రేకు పలుచగా ఉంది. అడుగున చుట్టూ అతుకు.

"రేకు ఎందుకింత పల్చగున్నది?"

"టాంకీ చెడదన్నరు కద కాకా. మరి మందం రేకు దండగ. ఆ ఇనుము కరగబెట్టనీకె ఎంత బొగ్గు కాలాలె! అక్కడ మిగిలింది మీటకు పెట్టిన."

అప్పుడైనా నిజం చెప్పేయవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. స్టవ్వు తిన్నగా నిలబెట్టి, "మంచిగున్నది," అని ఆమె చేతికి ఇచ్చేశాడు.

ఆ ఆరింటిలో ఒకటి లచ్చమ్మకు వెళ్లింది. లచ్చమ్మ, ఆమె మొగుడు మొగులయ్య రెండేళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి భవనాల పనిలో కూలి చేస్తున్నారు. శివరాం ఉండే చాల్‌లోనే రెండో అంతస్తులో చెక్క నేల గది వాళ్లది. ఊరికే స్టవ్వు ఇస్తామంటే లచ్చమ్మ మూడుసార్లు వద్దంది. చివరికి శివరాంను అడిగింది. "అన్నా, నువ్వు ఎర్కగల్లోనివి. తీసుకోమంటవా?"

"తీస్కో," అన్నాడు శివరాం.

వానలు మొదలయ్యాయి. జూలైలో మంగళ ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితాల బొత్తి తెచ్చింది. "నా రిపోర్టు కాకా. మీ పేరు ఉన్నది. వేయనీకె ఒప్పుకున్నట్టు ఇక్కడ సంతకం కావాలె."

సంతకం అనే మాట వినగానే శివరాం చేయి వెనక్కి పోయింది. "ఉంచు. సూసి ఇస్త," అన్నాడు. మల్లవ్వ ఆ కాగితాలను పాముపిల్లను చూసినట్టు చూసింది. "జాగా రాయించుకుంటున్నరు. సంతకం పెట్టినవో, మనం రోడ్డు మీదనే."

ఆదివారం శివరాం వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని దాదర్ వెళ్లాడు. అక్కడి తెలుగు సంఘంలో శంకర్రావు అని రిటైరైన గుమాస్తా రోజూ పేపరు చదువుతూ కూర్చుంటాడు. కామాఠిపురా వాళ్లకు ఇంగ్లీషు కాగితం వస్తే ఆయనే దిక్కు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొదటినుంచీ చివరిదాకా చదివాడు.

"జాగా మాట ఒక్క ముక్క లేదయ్యా ఇందులో. అంతా స్టవ్వు మాటే. నిన్ను ఉస్తాద్ అని రాసింది. విను. 'ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న ఉస్తాద్ శివరాం గారు చెప్పిన ప్రకారం టాంకీ ఎన్నడూ చెడదు. కాబట్టి రేకు పలుచన చేశాము.' అన్ని పేజీల్లోనూ నీ మాటే. ఆఖర్న చూడు, 'ఇందులో తప్పులుంటే అవి నావి.' మంచి పిల్లనయ్యా. పెట్టు సంతకం."

ఆయన ఇంకా ఏదో అంటూంటే శివరాం వినలేదు. కాగితాలు లాక్కున్నట్టే తీసుకుని మెట్లు దిగాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. స్టవ్వులు ఇచ్చి రెండున్నర నెలలు. పలుచని రేకు. వానాకాలపు ఘాస్లేట్.

అతను చాల్ చేరేసరికి మొదటి అంతస్తులో శాంతాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తూ అరుస్తోంది. లచ్చమ్మ గది కింది గది ఆమెది. "రెండ్రోజుల సంది వాసన! ఇయ్యాల బొట్లు బొట్లు పడ్తుంది! మమ్మల్ని ఎల్లగొట్టనీకె పైకెల్లి ఘాస్లేట్ పోస్తున్నరు శివరాం! కూలోళ్లకు గదులిస్తె గిట్లనే ఉంటది!" ఆమె గది మధ్యలో ఒక గిన్నె పెట్టి ఉంది. అందులో కిరోసిన్ బొట్లు. ఆమె చేతిలో వెలిగించడానికి సిద్ధంగా అగరుబత్తీలు.

"అంటియ్యకు!" అని కేకపెట్టి శివరాం చెక్క మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

లచ్చమ్మ గదిలో స్టవ్వు మండుతోంది. మీద జొన్నరవ్వతో వండే గట్క కుండ. ఆమె రెండు చేతులతో తెడ్డు పట్టి తిప్పుతోంది. స్టవ్వు కింద చెక్క నల్లగా తడిసి ఉంది. అతను గుమ్మంలోకి రావడం, టాంకీ అడుగు అంచు వెంట నీలం మంట చీమల బారులా పాకడం ఒక్కసారే జరిగాయి.

"జరుగు లచ్చమ్మా!"

కుండను కాలితో తన్నేశాడు. తలుపు దగ్గరి గోనెపట్టా నీళ్ల బకెట్‌లో ముంచి మంట మీద వేశాడు. మంట పట్టా కింద నుంచి బయటికి వచ్చింది. రెండు చేతులతో స్టవ్వును ఎత్తి, గది మూలన ఉన్న మోరీలో, గిన్నెలు కడిగే సిమెంటు గచ్చు మీద, పడేశాడు. లచ్చమ్మ చాప తీసుకుని చెక్క మీద కొట్టింది. కొట్టి కొట్టి ఆర్పింది. గదంతా పొగ. శివరాం కుడి అరచేయి తోలు స్టవ్వుకే అంటుకుపోయింది.

లచ్చమ్మ ఏడవలేదు. ఒలికిన గట్కను, నల్లబడ్డ చెక్కను, అతని చేతిని చూసింది. "నువ్వు తీస్కోమంటెనే కదన్నా తీస్కున్న," అంది.

ఆ సాయంత్రమే, చేతికి గుడ్డ చుట్టుకుని, మిగతా అయిదిళ్లకూ వెళ్లి స్టవ్వులు అడిగి తెచ్చేశాడు. రెండింటికి అడుగున చెమ్మ పట్టి ఉంది.

మంగళ మర్నాడు సంగతి విని వచ్చింది. శివరాం ఆరు స్టవ్వులూ వరసగా బోర్లించి ఉంచాడు.

"టాంకీలే చెడతయి. మొదటి సంది తెలుసు నాకు. జూట్ చెప్పిన."

మంగళ వంగి ఒక టాంకీ అడుగు తడిమింది. "నేను స్టవ్వు తెచ్చి మీ చేతికి ఇచ్చిన దినం?"

"ఆ దినం గూడ తెలుసు."

"లచ్చమ్మక్క కాలిపోతె?"

మంగళ నోటు పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. కాగితాల బొత్తి అడిగి తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజున వచ్చినప్పుడు కూర్చోలేదు. "ఇంక మీరు చెప్పింది రాయను కాకా. నాకు చూపెట్టాలె," అంది నిలబడే.

శివరాం గోనెసంచి కింది టాంకీలు బయటికి తీశాడు. ఎడమచేత్తో కత్తెర పట్టి ఒకదాన్ని అడ్డంగా కోశాడు. అతుకు వెంట తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. ఆమె నమ్మలేదు. కావాలని ఏరి పెట్టారేమో అంది. తనే భంగార్ దుకాణానికి వెళ్లి, తన చేత్తో ఏరిన ఇరవై టాంకీలు తెచ్చి తనే కోసింది. పదిహేడింటిని అడుగునే తుప్పు తినేసింది. రేషన్ దుకాణం నుంచి తనే ఘాస్లేట్ తెచ్చి, గాజు సీసాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచింది. అడుగున బొటనవేలు మందం నీళ్లు తేరాయి. అప్పుడు గానీ నోటు పుస్తకం తెరవలేదు. ఒకప్పుడు అతను ఆమెను ఎంత అనుమానించాడో, ఇప్పుడు ఆమె ప్రతి మాటనూ అంత అనుమానంగా వింటోంది. శివరాంకు అది కష్టంగానే ఉంది. కానీ తప్పని తోచలేదు.

ఫోరస్ రోడ్డు పక్కన రేకుపని షెడ్డు ఒకటి ఉంది. అక్కడ ఇద్దరూ కొత్త స్టవ్వుకు కూర్చున్నారు. శివరాం చెప్పిన మొదటి మాట, అతుకు అడుగున వద్దని. అడుగు ఒకే రేకుతో గిన్నెలా వంచి, అతుకును పక్కకు, నీళ్లు అందనంత ఎత్తుకు తెచ్చారు. అడుగు ఒక వైపు వాలి ఉండాలన్నది మంగళ ఆలోచన. నీళ్లన్నీ ఆ మూలకు చేరుతాయి. అక్కడ ఒక ఇత్తడి మర పెట్టారు. వారానికోసారి విప్పితే నీళ్లు పోతాయి. మోరీ తడి తగలకుండా కాళ్లు పెంచారు. గట్క తిప్పితే కదలకుండా ఆ కాళ్లను ఎడంగా చాపారు. రివెట్లు తీసేసి అన్నీ మరలే పెట్టారు. ఏ ముక్క పాడైతే ఆ ముక్కే మార్చవచ్చు. వత్తులు బజార్లో ఎక్కడైనా దొరికే మామూలు వత్తులే.

"గిట్ల మర విప్పి ఎవరికి వారే బాగు చేసుకుంటె నీకేం మిగుల్తది?" అంది మల్లవ్వ అతని చేతికి మందు రాస్తూ.

"ఎర్క లేదు," అన్నాడు శివరాం. నిజంగానే తెలియదు. ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించాడు.

కంపెనీ మేనేజరు ఆ స్టవ్వును అటూ ఇటూ తిప్పి చూశాడట. ఎన్నేళ్లు నడుస్తుందని అడిగాడట. పదేళ్లు అని మంగళ చెప్పిందట. "అయితే మళ్లీ మా దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అన్నాడట నవ్వుతూ. కాళ్ల ఆకారం మాత్రం తీసుకున్నారు. దీపావళికి ఆ కంపెనీ చేసిన, ఎర్ర రంగు పూసిన స్టవ్వు బజారుకు వచ్చింది. చూడ్డానికి నిగనిగలాడుతోంది. టాంకీ ఒత్తి మూసేసి ఉంది, విప్పడానికి ఒక్క మర లేదు. అలాంటిది ఒకటి బాగుచేయమని వస్తే, శివరాం ఎటునుంచీ చేయి పెట్టలేక తిరిగి ఇచ్చేశాడు.

మంగళ ఏడ్చిందో లేదో అతనికి తెలియదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మనమే చేద్దం కాకా. ఎన్ని అయితె అన్ని," అంది. షెడ్డులో నలభై అయిదు చేశారు. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని పోలేదు. కొన్నవాళ్లు వత్తులకో, మరకు వాషరుకో శివరాం దగ్గరికి వస్తూనే ఉన్నారు. పని తగ్గింది, తగ్గలేదని చెప్పడానికి లేదు. పొరుగు గల్లీల వాళ్లు పాత స్టవ్వులకు కూడా అలాంటి మర పెట్టమని తేసాగారు.

షెడ్డులో చేసిన మొదటి స్టవ్వును మాత్రం అతను లచ్చమ్మకు తీసుకెళ్లాడు. ఆమె గుమ్మం దాటనివ్వలేదు. అప్పటినుంచీ ఆమె బొగ్గుల సిగిడీ పొయ్యి మీదే వండుతోంది. గది గోడలన్నీ మసి, ఆమె కళ్లు ఎప్పుడూ కారుతూ ఉన్నాయి.

"నీ మాట మీద ఒకపారి తీస్కున్న."

"నా మాట మీద తీస్కోకు," అన్నాడు శివరాం. స్టవ్వు టాంకీలో నిండా నీళ్లు పోసి, కింద పాత పేపరు పరిచి, ఆమె గది మూలన పెట్టాడు. "అంటియ్యకు. పేపరు తడిస్తె కిటికీలకెల్లి పారెయ్యి."

లచ్చమ్మ రోజూ పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి స్టవ్వు ఎత్తి పేపరు తడిమి చూసింది. మొగులయ్య నవ్వితే తిట్టింది. వారం అయింది. రెండో వారం కూడా అయింది. అప్పుడు మర విప్పి నీళ్లు పారబోసి, టాంకీ లోపలికి గుడ్డ పెట్టి తుడిచి, కిటికీలో రోజంతా ఆరబెట్టింది. ఆ ఆదివారం శివరాంను పిలిచి, తలుపు బార్లా తెరిచి, నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని, అగ్గిపుల్ల గీసింది. మంట తక్కువ ఎత్తులో, నీలంగా, నిలకడగా నిలిచింది. ఆమె గట్క కుండ ఎక్కించి తెడ్డు వేసింది. బలంగా తిప్పింది. కావాలనే ఇంకా బలంగా తిప్పింది. స్టవ్వు కదల్లేదు.

"మంచిగనే ఉన్నట్టుంది," అంది. కానీ వంగి, చెయ్యి చాపి, టాంకీ అడుగున వేళ్లు ఆడించి, ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "నేనైతె రోజు గిట్లనే సూస్త. మల్ల నమ్మలేదంటవ్."

"సూడు," అన్నాడు శివరాం. "అట్లనే సూడు లచ్చమ్మా."

ఆమె రెండు పళ్లాల్లో గట్క వేసి ఒకటి అతని ముందుకు జరిపింది. అతను కుడి చేయి ఇంకా పూర్తిగా ముడవలేడు కాబట్టి చెంచా అడిగాడు.